ఏ డబ్బా అత్తా?

ఏ డబ్బా అని అడిగేసరికి ఫోను తెగిపోయింది. బస్సు అప్పటికే పెనుకొండ స్టాండు వదిలి మలుపు తిరుగుతోంది, కొండ అడ్డమొచ్చింది, ఫోను మీద గీతలు ఒకటొకటే పోయి చివరికి ఒక్కటీ మిగల్లేదు. నేను చేసింది పనికిమాలిన ఫోను. షాపులో గ్రైండరు స్విచ్చి ఆపానా లేదా అని. పొద్దున అనంతపురంలో బస్సెక్కినప్పటి నుంచీ అదే పురుగు తొలుస్తోంది, సరే ఒక మాట అడిగి ఊరుకుందామనుకున్నాను. మా అత్త హనుమంతమ్మ ఎత్తింది. "ఆపే ఉండాదిలేమ్మా, నిమ్మళంగా పో. మార్కండయ్యకు ఏం గాదు. మొన్న నవమినాడు ఆ నల్లబిళ్ళలకు గూడా పసుపు పెడితి గదా" అంది. ఏ నల్లబిళ్ళలు? "అదేమ్మా, డబ్బాలో ఉండాయే, బ్రేకువి. శెనక్కాయ నూనెలో కలిపి బాగా రాస్తి. మళ్ళా నువ్వు అరుస్తావని గుడ్డతో శుద్ధంగా తుడిచి డబ్బాలోనే పెట్టేస్తిలే." అంత సంతోషంగా చెప్పింది ముసల్ది, మనవడికి తలంటు పోసినంత సంతోషంగా. ఏ డబ్బా అత్తా అని అరిచాను. బస్సులో అందరూ నా వైపు చూశారు. ఫోను నోరు మూసుకుంది.

డబ్బాలు రెండు. అలమరలో ఒకదాని పక్కన ఒకటి. రెండిట్లోనూ నాలుగేసి బ్రేకు ప్యాడ్లు, ఒకే కారువి, ఒకే కొలత, రెండూ నలుపే. ఒకటి ఊళ్ళో తిరగడానికి సరిపోయే మామూలు రకం, వాడకుండా మిగిలింది. ఇంకొకటి నేను ఎండాకాలమంతా వెతికి వెతికి తెప్పించినది. శుక్రవారం నా తమ్ముడు మార్కండేయ వచ్చి ఆ రెండోది తీసుకుపోయాడు. డబ్బా తెరిచి చూడకుండా ఇచ్చాను. నేను! పావుకిలో రివిట్లు తెచ్చినా పొట్లం విప్పి లెక్కబెట్టుకునేదాన్ని, ఆ రోజు బయట లారీవాడు హారను కొడుతున్నాడని డబ్బా అలాగే వాడి చేతిలో పెట్టి పోరా పోరా అన్నాను. ఇప్పుడు టైము తొమ్మిదీ నలభై ఐదు. పదకొండున్నరకు వాడు మడకశిర అవతల, బీడులో ఒక మోటారు క్లబ్బు వాళ్ళు వేసుకున్న ట్రాక్ మీద రెండు సీట్ల కారు తోలబోతున్నాడు, అది చూద్దామనే నేను బస్సెక్కాను. కారు వాడిది కాదు, బెంగుళూరులో గ్రానైటు వ్యాపారం చేసే రామదాసుది, వీడు ఆయన దగ్గర మెకానిక్కు. ఒక నిమిషం యాభై సెకన్ల లోపల చుట్టు తిరిగొస్తే కోయంబత్తూరు పోటీలకు డ్రైవరుగా పంపిస్తానన్నాడట, రాకపోతే జీవితమంతా స్పానర్లే. ఆ ట్రాక్ మీద ఒక పొడుగాటి దారి ఉంది, దాని చివర మెడ విరిచినట్టు ఒక మలుపు ఉంది, అక్కడికి వచ్చేసరికి బండి నూటా డెబ్బైలో ఉంటుంది, అరవైకి దిగాలి. కుడి ప్యాడు పట్టి ఎడమ ప్యాడు జారితే ఏమవుతుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. పొద్దున బస్సెక్కేటప్పుడే చేశాను, వాడిది స్విచ్చాఫ్. ట్రాక్ మీద ఫోన్లు ఆపాలట. రామదాసు నంబరు షాపులో గోడ మీద బొగ్గుతో రాసి ఉంది, నా తలలో లేదు.

ప్యాడు రాయి లాంటిదని జనం అనుకుంటారు, కాదు, లోపలంతా సందులే, నూనె తాగితే తాగిందే. పైన గుడ్డతో తుడిస్తే పైనే పోతుంది. లారీ షాపుల్లో పెట్రోలు పోసి కాలుస్తారు, మా ఆయన కూడా కాలుస్తాడు, సంతకు పోయి వచ్చే లారీకి అది చాలు, నూటా డెబ్బైకి చాలదు. అయితే వాడికి తెలియదా? కొత్త ప్యాడ్లు వేశాక వాటిని కొంచెం కొంచెంగా వేడిచేసి పదును పెట్టాలి, కొత్త పెనాన్ని దోసెలకు అలవాటు చేసినట్టు. పొగ వస్తుంది కదా, వాసన వస్తుంది కదా, వాడు పట్టుకోడా? పట్టుకోడు. ఎందుకంటే కొత్త ప్యాడు నూనె లేకపోయినా పొగ కక్కుతుంది, నేనే చెప్పాను వాడికి, "పొగొస్తే బయపడాకురేయ్, అది దాని గుణం" అని. నా నోటితో నేనే చెప్పాను. ఛీ, ఎందుకు చెప్పాలి అంత వివరంగా, ఎవరడిగారు నన్ను!

బస్సు ఆగింది. గొర్రెలు. రోడ్డు నిండా గొర్రెలు, దుమ్ము, కాపరి కన్నడంలో ఎవరినో తిడుతున్నాడు, డ్రైవరు హారను మీద చెయ్యి పెట్టి ఆవులిస్తున్నాడు. ఆగేటప్పుడు విన్నాను, వెనక ఎడమ చక్రంలో గర్రుమంది, బ్రేకు లైనరు పట్టీ అరిగి, దాన్ని బిగించిన రివిట్టు డ్రమ్మును గీకుతోంది. ఇంకో వెయ్యి కిలోమీటర్లు, అంతే, ఆ తర్వాత డ్రమ్మే పోతుంది. ఏ బస్సెక్కినా ఇంతే నా బతుకు, జనం కిటికీలోంచి కొండలు చూస్తారు, నేను చక్రాల రొద వింటాను. పక్కన కూర్చున్న ఆమె గంపలోంచి రేగుపళ్ళు తీసి పెట్టింది. పేరు బయమ్మట, మడకశిర సంతకు పోతోందట. "ఏమ్మా, ఎవురికన్నా బాగలేదా?" అంది నా మొహం చూసి. లేదు, బాగానే ఉండారు అన్నాను. "మరి ఎందుకట్ల కాలు తొక్కతాండావు?" అంది. చూసుకున్నాను. నా కుడికాలు ముందు సీటు కింద కడ్డీని తొక్కిపట్టి ఉంది, మడమ నొప్పి పుట్టేలా. బ్రేకు తొక్కుతున్నాను. గొర్రెలు దాటి బస్సు కదిలినా కాలు తీయలేకపోయాను.

ఏప్రిల్లో ఇదే ట్రాక్ మీద వాడు నాలుగో చుట్టులో ఇసుక దిబ్బలోకి పోయాడు. బతికాడు, బంపరు పోయింది. మర్నాడు అనంతపురం వచ్చి పేపర్లో చుట్టిన ప్యాడ్లు నా బల్ల మీద పెట్టాడు. "పెడలు గట్టిగానే ఉండాదక్కా, తొక్కతానే ఉండా, బండి మాత్రం నిలబడల్యా" అన్నాడు. ప్యాడ్ల మొహం గాజులా మెరుస్తోంది, అంచులు చిట్లి రాలుతున్నాయి, వెంట తెచ్చిన డిస్కులు, ప్యాడ్లు నొక్కిపట్టే ఇనుప పళ్ళేలు, చూస్తే నీలం తిరిగిపోయాయి. చూడగానే తెలిసింది, ఇవి ఊళ్ళో పాలకూ పెరుగుకూ తిరిగే ప్యాడ్లు, చల్లగా ఉన్నంతసేపూ భలే పడతాయి, నాలుగు వందల డిగ్రీలు దాటితే గోవిందా. పదేళ్ళుగా లారీ లైనర్లు కొడుతున్నాను నేను, షూ మీద లైనరు పెట్టి రివిట్టు దింపి సుత్తితో బిగించడం, ఆడది చేసే పనేనా అని మొదట్లో నవ్వినవాళ్ళే ఇప్పుడు హేమావతమ్మ కొడితేనే వేయించుకుంటామని కూర్చుంటారు. కార్ల సంగతి నాకు తెలియదు, వేడి సంగతి తెలుసు. వాడు బెంగుళూరు నుంచి కాటలాగులు తెచ్చాడు, ఇంటరు చదివిన ఇంగ్లీషు అప్పుడు పనికొచ్చింది. ఏ ప్యాడు ఎంత వేడిలో పట్టడం మొదలుపెడుతుంది, ఎంత వేడిలో చేతులెత్తేస్తుంది, అన్నీ అంకెల్లో ఉన్నాయి, రాత్రి అన్నం తింటూ కూడా అవే. వీడికి అన్నిటికన్నా గట్టివి కావాలి, అసలైన రేసువాళ్ళు వాడేవి. "ఒద్దురా, అవి వేడెక్కేదాకా చెక్కముక్కలు. నీకిచ్చేది పావుగంట. మొదటి మలుపు కాడ చల్లటి చెక్కముక్కలతో ఏం ఆపుతావు?" అన్నాను. నడిమిరకం ఏరాను. డిస్కుల దగ్గర రామదాసుతోనే గొడవ. ఆయనకు తూట్లు తూట్లుగా ఉండే డిస్కులు కావాలి, చక్రంలోంచి చూస్తే అందంగా ఉంటాయట. ఫోను నేనే తీసుకున్నాను. "సార్, లైనరుకు పగులు యాడ మొదలైతాదో మీకు తెల్సునా? రివిట్టు తూటు కాడ. పదేండ్లుగా సూస్తాండా. ఇనుము గూడా అంతే, వేడెక్కి సల్లారి వేడెక్కి సల్లారి ఆ తూటు కాన్నే నోరు తెరుస్తాది. తూట్లు లేనివి తెప్పించండి, నడుమ గాలి పోయే సందులుండేవి, మందంగా ఉండేవి." "నువ్వు ఇంజనీరా అమ్మా?" అన్నాడు. కాదు సార్, లైనర్లు కొట్టేదాన్ని అన్నాను. నవ్వాడు, అవే తెప్పించాడు. ఆ డిస్కులు వచ్చినప్పుడు తుప్పు పట్టకుండా కంపెనీవాళ్ళు పూసిన నూనె ఉంటుంది పైన, పెట్రోలుతో మూడుసార్లు కడిగాను, నాలుగోసారి కూడా కడుగుతుంటే మా ఆయన "ఇంగ చాల్లేమే, అరిగిపోతాయి" అన్నాడు. డిస్కులను నాలుగుసార్లు కడిగినదాన్ని, ప్యాడ్ల డబ్బా ఒక్కసారి తెరవలేదు.

అత్తను ఏమనాలి? ఆమెదేం తప్పుంది? మాది నేతపని చేసే కులం, ధర్మవరంలో ఆయుధపూజకు మగ్గానికి పసుపు నీళ్ళలో కలిపి రాసేవాళ్ళం, కొయ్య కాబట్టి. మా ఆయన మగ్గం అమ్మి అనంతపురంలో బ్రేకుల షాపు పెట్టాక పూజకు అన్నీ ఇనుప సామాన్లే అయ్యాయి, నీళ్ళు తగిలితే తుప్పు కదా అని అత్త శెనక్కాయ నూనెలో కలపడం మొదలుపెట్టింది. వైసుకు, డ్రిల్లుకు, సుత్తులకు, నా రివిట్టు పనిముట్టుకు. ఎంత తెలివి అత్తా నీది అని పొగిడిందెవరు? నేను. ఏటా పొగిడాను. ఒక్క ఏడన్నా, బ్రేకుకు మాత్రం తగలనీయకు అని చెప్పానా? లైనర్లు ఎప్పుడూ పూజలో పెట్టలేదు, అమ్మే సరుకు కదా, పనిముట్టు కాదు కదా, ఆమె కూడా ముట్టేది కాదు. ఈ ఏడు మార్కండయ్య కోసం ముట్టింది. వాడంటే ప్రాణం ఆమెకు. నవమి రోజు నేనెక్కడున్నాను? ముందర గదిలో, అవును, గుత్తి లారీవాడితో వాదులాట. లోపల్నుంచి అత్త ఏదో అడిగింది, "అమ్మీ, ఇవి గూడా పెట్టేదా?" అని. ఊ అన్నాను. అన్నానా? అన్నాను. దేన్ని అని తిరిగి చూడకుండా ఊ అన్నాను. అలమరలో ముందుకు ఉన్నది ఏ డబ్బా? కొత్తది ముందు, పాతది వెనక. కాదు, బుధవారం కొత్త డబ్బా అలమరలోంచి బయటికి తీసి మా ఆయనకు చూపించాను, తిరిగి పెట్టినప్పుడు వెనక్కి పెట్టానా, ముందే పెట్టానా? నవమి అంతకు ముందా, తర్వాతా? సోమవారం కదా నవమి. అయితే బుధవారం లెక్కలోకి రాదు. ఒకసారి ముందు అనిపిస్తుంది, ఇంకోసారి వెనక అనిపిస్తుంది, రెండూ కళ్ళకు కట్టినట్టే కనబడుతున్నాయి, ఏది నేను చూసిందో ఏది ఇప్పుడు అల్లుకుంటున్నదో తేలడం లేదు. రేగుపండు గింజ నోట్లో అలాగే ఉంది.

ఒకటి మాత్రం నిజం చెప్పుకోవాలి, ఈ బస్సులో నన్ను అడిగేవాళ్ళెవరూ లేరు కాబట్టి. ఆ నల్లబిళ్ళలు అని అత్త అన్నప్పుడు గుండె జారింది, ఆ జారడంలోనే, అడుగున, ఏదో తేలికైంది. ఇప్పుడు ఆపొచ్చు. ఇప్పుడు ఆపడానికి కారణం దొరికింది. ఏప్రిల్లో వాడు పేపర్లో ప్యాడ్లు చుట్టుకుని వచ్చినరోజే వద్దురా అని చెప్పాల్సింది. అమ్మ పోయినప్పుడు వాడికి మూడేళ్ళు, నాకు పద్నాలుగు, నాయన మగ్గం గుంతలో కూర్చుంటే వీడు నా నడుం మీదే పెరిగాడు, నాకు ఆ మాత్రం అధికారం లేదా? ఉంది. కానీ ఆ రోజు వాడి కళ్ళు చూశాను. ఇసుక దిబ్బలో దూరినవాడు భయపడి రాలేదు, ఇంకా ఎలా గట్టిగా పోవాలో అడగడానికి వచ్చాడు. వద్దని చెప్పడం చేతకాక బ్రేకులు ఏరాను. రాత్రింబవళ్ళు అంకెలు చదివాను, రామదాసుతో కొట్లాడాను, అందరూ అబ్బో అక్కంటే ఇలా ఉండాలి అన్నారు. నేను వాణ్ణి ముందుకు తోస్తున్నానని అనుకున్నారు. నేను ఏరింది ఆపే సామాను, ఆ ఒక్క సంగతి ఎవరికీ తట్టలేదు. మరి ఇప్పుడు ఈ నూనె నిజంగా ఉందా, నాకు కావాలి కాబట్టి ఉందా? నూనె పాత డబ్బాకే పట్టి ఉంటే, నేను పోయి ఆపితే, వాడి బతుకులో వచ్చిన ఒక్క పావుగంటను నేను మింగినదాన్ని అవుతాను. నూనె కొత్త డబ్బాకు పట్టి ఉంటే, నేను మొహమాటపడి నోరు మూసుకుంటే... వద్దు, ఆ మాట పూర్తి చేయను. డ్రైవరన్నా కొంచెం తొందరగా పోనీ అని అరిచాను. "ఇంగెంత తొందరగా పోవల్లమ్మా, బ్రేకులు అంతంత మాత్రమే" అన్నాడు ఆయన. నాకు తెలుసు స్వామీ అనుకున్నాను.

మడకశిరలో దిగేసరికి పదకొండు అయిదు. నా ఫోనులో గీతలు ఇంకా రాలేదు, స్టాండు పక్కన కాయిన్ బాక్సు నుంచి షాపుకు చేశాను. మోగింది, మోగింది, ఎవరూ ఎత్తలేదు. మా ఆయన పొద్దున్నే బయటికి పోయాడు, ఆదివారం పదకొండింటికి నీళ్ళ ట్యాంకరు వస్తుంది, అత్త బిందెలతో వరసలో ఉంటుంది, ఇంకో గంట దాకా రాదు. ఇంకో రూపాయి వేసి మళ్ళీ చేశాను. అదే మోత. ఆటోవాణ్ణి బతిమాలి, తిట్టి, ఎక్కాను. దారి పొడుగునా ఎండిన శెనక్కాయ చేలు, ఊడలు కూడా దిగని మొక్కలు, దూరం నుంచే కార్ల రొద. గేటు దగ్గర టికెట్టు అడిగారు, తోసుకుని పోయాను. వాడు తోలే ఎర్ర కారు వరసలో మొదటిది. చక్రాల దగ్గర గాలి వేడికి వణుకుతోంది, అంటే ఒకసారి తిరిగి పదును పెట్టుకుని వచ్చేశాడు, ఇప్పుడు అసలు పరుగు. హెల్మెట్ లోపల కళ్ళు మాత్రమే కనబడుతున్నాయి. నన్ను చూసి చెయ్యెత్తాడు, నవ్వినట్టున్నాడు. అక్క వచ్చిందని సంతోషం. ఒక్క క్షణం, ఒట్టు, ఒక్క క్షణం నేను కూడా చెయ్యెత్తి ఊరుకుందామనుకున్నాను. తర్వాత జెండా పట్టుకున్న క్లబ్బు పెద్దమనిషి చెయ్యి పట్టుకున్నాను. బ్రేకుల్లో నూనె ఉంది, ఆ బండిని వదలొద్దు అన్నాను. ఎవరమ్మా నువ్వు అన్నాడు. ఆ బ్రేకులు ఇచ్చినదాన్ని అన్నాను. ఆయన వెంటనే ఎర్ర జెండా ఎత్తాడు. బ్రేకు మీద అనుమానమొస్తే విప్పి చూపించేదాకా బండి కదలకూడదట, వాళ్ళ రూలు.

మార్కండేయ దిగాడు. పెద్దమనిషి చెప్పింది విని, జాకీ తెచ్చి, తానే చక్రం విప్పాడు. వెనక వరసలో కార్లు ఒకటొకటే ముందుకు పోయాయి. రామదాసు వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ప్యాడ్లు కాలుతున్నాయి, గుడ్డలో పట్టి తీసి నా చేతిలో పెట్టాడు. "సూడు" అన్నాడు. వెలుగుకు తిప్పి చూశాను. ఈ చివర నుంచి ఆ చివరకు ఒకే బూడిదరంగు, మరక లేదు, మెరుపు లేదు. గోటితో గీకాను, పొడి రాలింది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. రెండోది, తర్వాత అవతలి చక్రం విప్పించి మూడోది, నాలుగోది. పొడి. ఎముకలా పొడి. డిస్కు మీద రంగు కూడా సమంగా పట్టింది, ఇంతకన్నా బాగా పదును పెట్టడం ఎవరివల్లా కాదు. అత్త రాసింది ఆ పాత డబ్బాకు, అలమరలో మిగిలినదానికి. చక్రాలు తిరిగి బిగించేసరికి పన్నెండు దాటింది, ఎండ ముదిరిందని క్లబ్బువాళ్ళు ట్రాక్ మూసేశారు. రామదాసు వాచీ చూసుకున్నాడు. "నీ ఎనక తోలిన బెంగుళూరు పిల్లోడు ఒకటీ నలభై ఎనిమిదిలో వచ్చినాడప్పా. ఆయప్పనే పంపిస్తాలే ఈసారికి" అన్నాడు, కోపంగా కూడా కాదు, మామూలుగా, అని వెళ్ళిపోయాడు.

మేమిద్దరమే మిగిలాం. వాడు స్పానర్లు తుడిచి పెట్టెలో సర్దుతున్నాడు, ఒక్కొక్కటీ దాని గాడిలో. ఏదో ఒకటి చెప్పాలని, అత్త పసుపు సంగతి, రెండు డబ్బాల సంగతి, ఫోను తెగిన సంగతి అంతా గుక్కతిప్పుకోకుండా చెప్పాను. విన్నాడు. పెట్టె మూత వేశాడు. లేచి నిలబడి మొదటిసారి నా మొహంలోకి చూశాడు, చూస్తూనే ఉన్నాడు. అక్కడేం కనబడిందో, నేను దాచలేకపోయానని నాకే తెలుస్తోంది.

"ఏరిందీ నువ్వే, ఆపిందీ నువ్వే" అన్నాడు. "సంతోషమా అక్కా?"

లేదురా, క్షమించరా అని అనాలి. నోటిదాకా వచ్చింది. వాడు నా ముందు నిలబడి ఉన్నాడు, ఒళ్ళంతా చెమటతో, పళ్ళు బిగించుకుని, నా మీద అసహ్యంతో, రెండు కాళ్ళ మీద.

"సంతోషమేరా" అన్నాను.